మనోడే కదా, ఊరికే చేస్తాడ్లే!

హాస్టళ్ళ మీద రాస్తున్నదాని రెండో భాగం ఈ ఆదివారం పెడతానన్నాను. అది వచ్చే వారానికి పోయింది. ఈ వారం నా మీద నేనే రాసుకోవాల్సి వచ్చింది.

మొన్న హైదరాబాద్ నుంచి ఒక పరిశోధక విద్యార్థిని ఫోన్ చేసింది. దళిత చిన్న పత్రికల మీద పనిచేస్తోందట. నా పాత వ్యాసం చివర ఇచ్చిన వెబ్‌సైట్ అడ్రస్ కొట్టి చూసింది. "సార్, కవిత్వం బదులు రమ్మీ వస్తోంది. రిజిస్టర్ చేసుకుంటే బోనస్ ఇస్తామంటున్నారు. అడ్రస్ నేనేమైనా తప్పు కొట్టానా?" అని అడిగింది.

తప్పు కొట్టలేదమ్మా, అడ్రస్ అదే అన్నాను. సైట్ పోయిందని నాకు తెలుసు. పోయిన చోట ఏం మొలిచిందో మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. ఫోన్ పెట్టేసి చూశాను. మన పత్రిక పేరు, మేం ఏరికోరి పెట్టుకున్న పేరు, పైన అలాగే ఉంది. కింద పేకముక్కలు.

ఆ సైట్‌ని 2018 ఏప్రిల్ 14న మా పేటలో సభ పెట్టి ప్రారంభించాం. కారంచేడు తర్వాత పదిహేనేళ్ళలో మా వైపు జిల్లాల్లో పుట్టి, నాలుగైదు సంచికలకే ఆగిపోయిన పత్రికలు అవి. కొన్ని చేతిరాతవి, కొన్ని సైక్లోస్టైల్ చేసినవి, కొన్ని ఎవరో టీచరు తన జీతంతో అచ్చేయించినవి. పీహెచ్‌డీ కోసం ఊరూరా తిరిగి పోగేశాను. వాటిలోంచి 212 కవితలు, నలభై దాకా వ్యాసాలు, కొన్ని పాటలు ఎంచాను. బీరువాలో ఉంటే చెదలు తింటాయి, నెట్‌లో పెడదాం అన్నది నా ఆలోచన. ఆలోచన వరకే నాది. కట్టింది మా పిన్ని కొడుకు.

వాడి పేరు రాయను, వద్దన్నాడు. బీఎస్సీ కంప్యూటర్స్ చదివాడు. అమీర్‌పేటలో కోర్సు చేశాడు, ఎస్సార్ నగర్ హాస్టల్లో ఏడాదిన్నర ఉన్నాడు, ఒక చిన్న కంపెనీలో రెండేళ్ళు పనిచేశాడు. తర్వాత ఇంటికొచ్చేసి సొంతంగా వెబ్‌సైట్లు చేసుకుంటున్నాడు. స్కూళ్ళు, చర్చిలు, ఒక విత్తనాల షాపు, ఒక కల్యాణమండపం, ఇలా. మాట్లాడుకునేది వాడే, కట్టేది వాడే, అర్ధరాత్రి పడిపోతే లేపి నిలబెట్టేది వాడే, డబ్బులు రాకపోతే బండేసుకుని తిరిగేదీ వాడే.

"తమ్ముడూ, మనది ఒక సైట్ చెయ్యాలిరా" అన్నాను. "చేద్దాం అన్నా" అన్నాడు. డబ్బు మాట నేనూ ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు. నేను ఎత్తకపోవడానికీ వాడు ఎత్తకపోవడానికీ కారణం ఒకటి కాదు. ఈ మాట ఇన్నేళ్ళ తర్వాత రాస్తున్నాను.

వెబ్‌సైట్ అంటే మనలో చాలామందికి ఒక ఫ్లెక్సీ లాంటిది. ఫొటో, పేరు, ఒక నినాదం పంపిస్తే సాయంత్రానికి వచ్చేస్తుందనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. వాడి పక్కన కూర్చున్నాక కొంచెం తెలిసింది.

మా దగ్గరున్న సంచికల్లో మూడు మాత్రమే తర్వాత పుస్తకంగా వచ్చాయి, వాటికి పేజీమేకర్ ఫైళ్ళున్నాయి. అను ఫాంట్లలో కొట్టినవి. అను ఫాంట్ అంటే కంటికి తెలుగులా కనబడుతుందే గానీ, లోపల కంప్యూటర్ దాచుకునేది ఇంగ్లీషు అక్షరాల గుర్తులే. దాన్ని తీసుకెళ్ళి వెబ్ పేజీలో పెడితే పిచ్చి గీతలొస్తాయి. యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చేటప్పుడు వత్తులు ఊడతాయి, గుణింతాలు తారుమారవుతాయి. ఒక్కో కవితా అచ్చు ప్రతి పక్కన పెట్టుకుని సరిచెయ్యాలి. మిగతా సంచికలకు ఫైలే లేదు. చూసి టైపు చెయ్యడమే. చేతిరాత పత్రికల్లో ఒక్కో మాట కోసం మేమిద్దరం భూతద్దం పెట్టుకుని వాదించుకున్నాం. నిజానికి వాదించింది నేను, టైపు చేసింది వాడు.

తర్వాత ఫోన్‌లో ఎలా కనబడాలన్న గొడవ. మనవాళ్ళలో ఎక్కువమంది చూసేది ఫోన్‌లోనే, అదీ చవక ఫోన్‌లో. ఇంగ్లీషుకి సరిపోయే జాగా వరసల మధ్య తెలుగుకి సరిపోదు. పై వరస వత్తులు దిగొచ్చి కింది వరస గుడుల మీద కూర్చుంటాయి. వాడు ఒక్కో ఫాంటూ పెట్టి చూపించేవాడు. ఇక్కడ తెలుగు లెక్చరర్‌గా ఒక మాట చెప్పి ముందుకెళ్తాను. గూగుల్ ఫాంట్లలో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్ల పేర్లు చూడండి. పెద్దన ఉన్నాడు, తిమ్మన ఉన్నాడు, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, ఏకంగా శ్రీకృష్ణదేవరాయలే ఉన్నాడు. భువనవిజయం మొత్తం అక్కడే కొలువుతీరింది. జాషువా కోసం వెతికాను, నాకు కనబడలేదు. చివరికి గురజాడ ఫాంటు పెట్టుకుందామా అంటే, అది సన్న ఫోన్లో అంత బాగా లేదన్నా అని వాడే ఇంకోటి ఎంచాడు.

నాలుగు నెలలు పట్టింది. పగలు బతుకుతెరువు పని, రాత్రి మన పని.

కట్టాక అయిపోలేదు, నడపాలి. వర్డ్‌ప్రెస్ ఉచితమే, ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు, ఆ సంగతి మనవాళ్ళు నాకు పదిసార్లు చెప్పారు. బావి నీళ్ళు కూడా ఉచితమే కదండీ, తోడేవాడికి చేతులు నొప్పి పుట్టవా? వర్డ్‌ప్రెస్‌కీ, దానికి తగిలించిన ప్లగిన్లకీ ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్లు వేస్తుండాలి. ఒక్కటి మర్చిపోతే ఆ సందులోంచి ఎవడో దూరతాడు. 2020లో ఒక రాత్రి దూరారు. పైకి సైట్ మామూలుగానే ఉంది, గూగుల్‌లో వెతికితే మాత్రం మన కవితల పేర్ల కింద మగవాళ్ళ మందుల ప్రకటనలు కనబడుతున్నాయి. నాకు ఎవరో స్క్రీన్‌షాట్ పంపితే, దాన్ని వాడికి పంపి "ఏంట్రా ఇది, పరువు పోతోంది" అన్నాను. మూడు రాత్రులు కూర్చుని శుభ్రం చేశాడు. పరువు గురించి మాట్లాడిన నేను ఆ మూడు రాత్రులూ పడుకున్నాను.

ఇక చాటింపు. సైట్ ఉందని లోకానికి తెలియాలి కదా. నాకు తెలిసిన ప్రచారం ఒక్కటే, ఈ గోడ మీద లింకు పెట్టడం. రెండొందల లైకులు, ముప్పై షేర్లు, రెండు రోజులు. మూడో రోజు దాని కింద ఇంకోటి, దాని కింద ఇంకోటి. వాడు వేరే పని చేశాడు. ప్రతి పేజీకి తెలుగులో ఒక శీర్షిక, కింద రెండు వాక్యాల పరిచయం, అందులో ఊరి పేరు, కవి పేరు, ఏడాది. మనవాళ్ళు వెతికేటప్పుడు తెలుగు లిపిలో కొట్టేవాళ్ళు తక్కువ, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడతారు. అందుకని ఆ స్పెల్లింగులూ పేజీలో చోటు చూసి పెట్టాడు. స్కాన్ చేసిన బొమ్మలోని అక్షరాల్ని సెర్చ్ సరిగా చదువుతుందన్న నమ్మకం లేదు, కాబట్టి ప్రతి బొమ్మకీ మాటల్లో వివరణ రాయాలన్నాడు. సైట్‌మ్యాప్ తయారుచేసి గూగుల్‌కి అందించాడు. "అన్నా, నువ్వు ఒక్కో కవి గురించి నాలుగు వాక్యాలు రాసివ్వు, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు. 61 మంది కవులు. నేను 17 మందికి రాసిచ్చాను. మిగతావాళ్ళకి వాడే నా థీసిస్ చూసి రాసుకున్నాడు.

ఏడెనిమిది నెలలకి ఉత్తరాలు రావడం మొదలైంది. వాటిలో ఒకటి చెబుతాను. కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేస్తున్న ఒకావిడ రాసింది. ఊరి పేరు, తండ్రి పేరు కొట్టి ఊరికే వెతికిందట. తండ్రి రాసిన కవిత బయటపడింది. "మా నాన్న సెప్పులు కుట్టేవోడని తెలుసు సార్, రాసేవోడని మా అమ్మ సెప్తే నమ్మలేదు" అని రాసింది. ఆ ఉత్తరాన్ని నేను మూడు సెమినార్లలో చదివి వినిపించాను. మూడుసార్లూ చప్పట్లు కొట్టారు. ఆవిడకి ఆ కవితను దొరికేలా చేసింది ఎవరో ఒక్కసారి కూడా చెప్పలేదు.

సభ ఖర్చుల కాగితం నా దగ్గర ఇంకా ఉంది. టెంటు, కుర్చీలు 9 వేలు. మైకు సెట్టు 4 వేలు. ఫ్లెక్సీలు 11 వేలు. భోజనాలు 26 వేలు. శాలువాలు, మెమెంటోలు 7,500. వెబ్‌సైట్ అన్న వరసే ఆ కాగితంలో లేదు. శాలువాల్లో ఒకటి నాకు కప్పారు. ప్రాజెక్టర్ దగ్గర నిలబడి స్లైడ్లు మారుస్తున్న వాడికి కప్పలేదు, ఎవరికీ గుర్తు రాలేదు. నా బయోడేటాలో "డిజిటల్ ఆర్కైవ్ రూపకర్త" అని ఒక లైను చేరింది. ఆ లైను నాకు ఉద్యోగంలో పనికొచ్చింది కూడా.

టెంటు హౌస్ వాడికి బయానా ఇచ్చాం. మైకు సెట్టు వాడు మనవాడు కాదు, సాయంత్రం లెక్క తేలేదాకా వైర్లు చుట్టలేదు. ఫ్లెక్సీ వాడు డబ్బు పడితేగాని ప్రింట్ తియ్యడు. ఎవరికి ఇవ్వకపోతే పని ఆగుతుందో వాళ్ళకి ఇచ్చాం. ఎవరు నోరెత్తరో వాళ్ళకి ఎగ్గొట్టాం. దొర చేసిందీ ఇదే కదా?

మాది డప్పు ఉన్న ఇల్లు. మా ముత్తాత ఊళ్ళో చాటింపు వేసేవాడు. పన్ను కట్టమనీ, జాతర ఫలానా రోజనీ, దొంగతనం జరిగిందనీ, ఊరంతా తిరిగి డప్పు కొట్టి చెప్పడం ఆయన పని. దానికి కూలి లేదు. పండక్కి ఇంత ధాన్యం, చావుకి ఇంత కల్లు, అంతే. దాన్ని ఎట్టి అన్నారు. మా తాత కాలానికి ఇక కొట్టం అన్నారు, డప్పుని సావిట్లో తగిలించేశారు. కొట్టనందుకు తన్నులూ తిన్నారు. ఊరిచ్చే గింజల్ని వద్దనుకుని కూలి అడిగిన మనుషుల మనవడు నాకు వెబ్‌సైట్ చేసిపెట్టాడు. నేను కూడా ఊరిలాగే ఒక భోజనం పెట్టి పంపించాను.

రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది, మనందరం సభల్లో చెబుతాం. 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. కనీస వేతనానికి తక్కువ ఇచ్చి పనిచేయించుకోవడం కూడా బలవంతపు చాకిరీయేనని, కొరడా పట్టుకుంటేనే బలవంతం కాదని, పేదరికం చేసే బలవంతమూ బలవంతమేనని చెప్పింది. వాడి మీద నేను కొరడా పట్టలేదు. "అన్నా" అన్న పిలుపుని పట్టుకున్నాను. ఉద్యమం అన్న మాటని పట్టుకున్నాను. దీని మీద ఏ కోర్టూ తీర్పు చెప్పదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

"ఉద్యమానికి రేటు కడతావా?" అని ఇప్పుడు కొందరు మిత్రులు అడుగుతారు. అడగండి. 1920లో అంబేద్కర్ మూక్‌నాయక్ పెట్టినప్పుడు సాహూ మహారాజ్ ఇచ్చిన 2,500 రూపాయలు లేకపోతే ఆ పత్రిక బయటికొచ్చేది కాదు. డబ్బిస్తాం, మా పత్రిక ప్రకటన వేయండంటే కేసరి వేయలేదు. మాట చేరాలంటే కాగితం కావాలి, అక్షరాలు పేర్చేవాడు కావాలి, చివరికి సొంత ప్రెస్సే కావాలని బాబాసాహెబ్‌కి తెలుసు కాబట్టే ప్రెస్సు పెట్టారు. ఆదర్శంతో ఒక సంచిక తేవచ్చు, మహా అయితే రెండు. నా థీసిస్‌లో ఉన్న పత్రికల్లో ఎక్కువ భాగం ఎందుకు ఆగిపోయాయో వంద పేజీలు రాసి డాక్టరేట్ తీసుకున్నాను. అచ్చు ఖర్చు ఒక్కడి నెత్తిన పడటం వల్ల ఆగిపోయాయని అందులో ఉంది. అది రాసినవాణ్ణే ఆ ఖర్చంతా తమ్ముడి నెత్తిన వేశాను.

ఇంకో వాదన ఉంది. ఫేస్‌బుక్ ఉందిగా, యూట్యూబ్ ఉందిగా, ఉచితంగా, మళ్ళీ సైట్లు ఎందుకు అని. ఇది రాస్తున్నదీ ఈ గోడ మీదే, కాదనను. కానీ ఆర్కుట్ గుర్తుందా? మన కుర్రాళ్ళు తొలిసారి ఒకరినొకరు కనుక్కున్న చోటు అది. ఎన్ని రాత్రులు వాదించుకున్నామో. 2014 సెప్టెంబర్ 30న మూసేశారు. అక్కడ మనం రాసుకున్న వాదనలు ఇవాళ నా విద్యార్థికి చూపించమంటే ఎక్కడ చూపించను? అద్దె ఇంటి గోడ మీద ఎంత బాగా ముగ్గేసినా ఇల్లు మనది కాదు. ఇల్లు ఖాళీ చేయించడం అంటే ఏమిటో మనకి ఇంకొకరు చెప్పాలా? ఇక్కడ రాద్దాం, జనం ఉన్నది ఇక్కడే కాబట్టి. దాచుకోవడం మాత్రం మన పేరు మీదున్న చోట దాచుకోవాలి. దానికి డొమైన్ కావాలి, హోస్టింగ్ కావాలి, చూసుకునే మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి. "ఇప్పుడు ఏఐ గంటలో చేసేస్తుంది కదా" అని మొన్న ఒక కామ్రేడ్ అన్నాడు. పేజీ చేస్తుంది సరే, మార్చిలో రెన్యువల్ కడుతుందా?

బయట వాళ్ళ సంగతి రాయకపోతే ఇది సగమే అవుతుంది. నా తమ్ముడు మనకి ఊరికే చేసిపెట్టి, బయట గట్టిగా సంపాదించుకోవచ్చు కదా అనుకుంటారు. మా కాలేజీలో ఒక సహోద్యోగి అదే అన్నాడు. "వెబ్‌సైట్‌కి కులమేంటి సార్? చూసేవాడికి చేసినవాడెవడో తెలుస్తుందా?"

తెలుస్తుంది. సొంతంగా చేసుకునేవాడికి పనులు ప్రకటనల ద్వారా రావు, మాట మీద వస్తాయి. ఒక కల్యాణమండపం ఓనరు ఇంకో రైస్ మిల్లు ఓనరుకి చెబుతాడు, ఆయన బావమరిది స్కూలుకి చెబుతాడు. ఆ మాట ఏ గడప దాకా వెళ్ళి ఆగుతుందో మనకి తెలుసు. పని గురించి మాట్లాడటానికి వెళ్తే మొదటి ప్రశ్న ఎన్ని పేజీలని కాదు, "మీదేవూరు బాబూ?" రెండోది, "ఎవరి తాలూకు?" మూడోది, ఇంటిపేరు. వీడు చెప్తాడు. కాఫీ వస్తుంది, కొన్నిచోట్ల రాదు. "ఆలోచించుకుని చేస్తాం" అంటారు. నెల తర్వాత ఆ సైట్ వేరేవాడు చేసినట్టు తెలుస్తుంది. ఒక స్కూలు సైట్ వీడు పూర్తిగా కట్టి ఇచ్చాడు. అడుగున చిన్న అక్షరాల్లో చేసినవాడి పేరు, లింకు ఉండటం ఈ పనిలో మామూలు. వాడికి ఉన్న ప్రచారం అదొక్కటే, దాన్ని చూసే ఇంకొకరు ఫోన్ చేస్తారు. ఆ స్కూలు వాళ్ళు డబ్బు మొత్తం ఇచ్చారు, పేరు మాత్రం తీసెయ్యమన్నారు. "తల్లిదండ్రులు చూస్తారు, ఎందుకులే" అన్నారట. ఏం చూస్తారో చెప్పలేదు.

మన సైట్ వాడు చేసినవాటిలోకెల్లా కష్టమైంది. ఏ పని అడిగేవాడికైనా మొదట చూపించాల్సింది అదే. చూపించేవాడు. చూశాక ఇద్దరు ముగ్గురు ఫోన్ ఎత్తడం మానేశారు. ఇప్పుడు వాడి దగ్గర రెండు జాబితాలున్నాయి. మనవాళ్ళకి పంపేదాంట్లో అంబేద్కర్ జయంతి సైటు, మన పత్రికల సైటు, చర్చిలు ఉంటాయి. బయటివాళ్ళకి పంపేదాంట్లో విత్తనాల షాపు, కల్యాణమండపం ఉంటాయి. సిటీలో అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు మనం గోడమీది ఫొటో దాచినట్టు, వాడు తన మంచి పనిని దాచుకుంటున్నాడు.

ఈ మధ్య ఫైవర్‌లో విదేశీ పనులు చేస్తున్నాడు. సంపాదించినదాంట్లో 20 శాతం వాళ్ళు పట్టుకుంటారు. అంత కోతా అని నేను ఆశ్చర్యపోతే, "ఇరవై కోసుకుంటారు గానీ ఇంటిపేరు అడగరన్నా" అన్నాడు. రాత్రి రెండింటికి లేచి ఎవరో దొరసాని కుక్కల క్లినిక్ సైట్ సరిచేస్తాడు. పొద్దున్నే డబ్బు పడుతుంది.

అంటే లెక్క ఇలా ఉంది. వాళ్ళు "మనోడు కాదు" అని పని ఇవ్వరు. మనం "మనోడే" అని డబ్బు ఇవ్వం.

ఇక సైట్ ఎలా పోయిందో చెప్పాలి. డొమైన్, హోస్టింగ్ వాడి ఖాతాలోనే ఉన్నాయి. 2019, 2020, 2021, మూడేళ్ళు రెన్యువల్ వాడే కట్టాడు. నాకు చెప్పలేదు, నేను అడగలేదు. కరోనా ఏడాది వాడికి ఆరు నెలలు పని లేదు, ఆ ఏడాదీ కట్టాడు. 2021లోనే వాడి పాత ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ కాలిపోయింది. మన సైట్ కాపీ అందులోనే ఉంది. "అన్నా, మూడు వేలు పెట్టి విడిగా డిస్క్ కొంటే మళ్ళీ మొత్తం దించి పెడతా" అన్నాడు. వచ్చే నెల చూద్దాంలే అన్నాను.

2022 ఫిబ్రవరిలో వాట్సాప్‌లో మెసేజ్. ఇప్పుడు నా ముందుంది, ఉన్నదున్నట్టు రాస్తున్నా. "అన్నా మార్చి 9కి డొమైన్ 1,200 హోస్టింగ్ 4,300. అమ్మ ఆపరేషన్ ఉంది ఈసారి నా దగ్గర లేవు. నువ్వు చూడు". నేను దానికి బొటనవేలు పెట్టాను. అంతే. అదే నెలలో కాలేజీకి న్యాక్ వాళ్ళు వస్తున్నారు, ఫైళ్ళ మీద ఫైళ్ళు. ఆ ఫైళ్ళలో ఒకదాంట్లో నా డిజిటల్ ఆర్కైవ్ ఫొటో కూడా ఉంది.

డొమైన్ గడువు అయిపోయిన రోజునే పోదు. డాట్ కామ్‌కైతే కొన్ని వారాల దాకా మామూలు ధరకే తిరిగి కట్టుకోనిస్తారు. అదీ దాటితే ఇంకో 30 రోజులు, భారీ జరిమానాతో. ఆ తర్వాత ఐదు రోజులకి ఎవడైనా కొనుక్కోవచ్చు. మంచి పేరు, నాలుగేళ్ళ వయసు, విశ్వవిద్యాలయాల నుంచి లింకులు ఉన్న అడ్రస్ అంటే జూదం సైట్ల వాళ్ళు కాచుకుని ఉంటారు. తమ్ముడు కష్టపడి సంపాదించిపెట్టిన ఆ పలుకుబడినే వాళ్ళు కొనుక్కున్నారు. జరిమానా గడువులో కూడా మెసేజ్ పెట్టాడు. "ఇప్పుడైతే పది వేల దాకా అవుద్ది అన్నా, ఇంకా ఛాన్సుంది". కమిటీలో మాట్లాడదాం అన్నాను. కమిటీ కూర్చుంది. ఆ రోజు ఎజెండా జయంతి ఫ్లెక్సీలో ఎవరి ఫొటో ఎంత సైజు ఉండాలన్నది. రాత్రి పదిన్నర దాకా నడిచింది. సైట్ సంగతి నేను ఎత్తలేదు.

కొన్ని పేజీలు వేబ్యాక్ మెషిన్‌లో దొరికాయి. ఆ ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళు ఎవరూ అడక్కుండానే నెట్ పేజీల కాపీలు దాస్తుంటారు. 212లో 148 కవితలు అక్కడి నుంచి ఏరుకున్నాం. మిగతావాటికి కాగితాలు వెతకడం మొదలుపెట్టాను. చాలావరకు మళ్ళీ దొరికాయి. మూడు సంచికలు మాత్రం ఒక మిత్రుడికి తిరిగి ఇచ్చేశాను, స్కాన్లు సైట్లో ఉన్నాయి కదా అన్న ధీమాతో. ఆయన ఇల్లు మారాడు, తర్వాత ఆయనే పోయాడు. పిల్లలు పాత కాగితాలు కిలోల లెక్కన అమ్మేశారు. కువైట్ ఆవిడ తండ్రి కవిత ఆ మూడింటిలో ఒకదానిలో ఉంది. పన్నెండు వరసలు. నాకు రెండు గుర్తున్నాయి, అవీ సరిగ్గా గుర్తున్నాయో లేదో తెలియదు.

ఆవిడ మళ్ళీ రాసింది. లింకు పనిచేయడం లేదు సార్, మా అబ్బాయికి చూపిద్దామంటే ఏదో ఆట వస్తోంది అని. నేనింకా జవాబు రాయలేదు.

పరిశోధక విద్యార్థిని ఫోన్ వచ్చిన రోజు రాత్రి తమ్ముడి ఇంటికి వెళ్ళాను. బిల్లు రాయరా అన్నాను. నవ్వాడు. "ఏ బిల్లన్నా?" అన్నాడు. 2018 నుంచి అన్నాను. పిన్ని లోపల్నుంచి "అన్నదమ్ములకి బిల్లులేంటయ్యా" అంది. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ల్యాప్‌టాప్ తీశాడు. బయటివాళ్ళకి రాసే బిల్లు లాగే రాశాడు. అను నుంచి యూనికోడ్ మార్పిడి, టైపింగ్, డిజైన్, నాలుగేళ్ళ నిర్వహణ, హ్యాకింగ్ తర్వాత శుభ్రం చేసిన మూడు రాత్రులు, మూడేళ్ళ రెన్యువల్. మొత్తం 1,18,500. అడుగున "డిస్కౌంట్" అని ఒక వరస పెట్టి కాసేపు చూశాడు, చెరిపేశాడు. అది చెరిపినందుకు వాడి మీద నాకు గౌరవం పెరిగింది. నెలకి పది వేల చొప్పున కడుతున్నాను, మొదటిది కట్టేశాను. ఇది గొప్పకి చెప్పడం లేదు. బాకీ కట్టేవాడు గొప్పవాడేం కాదు.

మళ్ళీ కడుతున్నాం. కొత్త పేరు, ఒకేసారి ఐదేళ్ళకి డబ్బు కట్టి కొన్నాం. ఈసారి ప్రతి పేజీ అడుగునా చేసినవాడి పేరు ఉంటుంది. పెట్టుకోవాలా వద్దా అని వాడే రెండు రోజులు ఆలోచించి, పెట్టుకుంటానన్నాడు. కాపీలు మూడు చోట్ల, ఒకటి మా కాలేజీ లైబ్రరీలో. ఆ 12 వరసల పేజీ కవి పేరుతో, ఊరి పేరుతో, ఖాళీగా ఉంటుంది. మీలో ఎవరి దగ్గరైనా 1990ల నాటి మా వైపు చిన్న పత్రికలు, ఎంత చిరిగినవైనా సరే, ఉంటే ఇన్‌బాక్స్‌లో చెప్పండి. వచ్చి తీసుకెళ్తాను, స్కాన్ చేసి తిరిగి ఇస్తాను.

ఇంకో సంగతి. వచ్చే ఏప్రిల్ 14 కమిటీ వాళ్ళు నిన్న ఫోన్ చేశారు. "సార్, ఈసారి జయంతికి మనకో వెబ్‌సైట్ కావాలి, మీ తమ్ముడికి ఒక మాట చెప్పండి" అన్నారు. చెప్పాను. వాడు రేటు పంపాడు, సగం అడ్వాన్సు అని రాశాడు. దాన్ని అలాగే గ్రూప్‌లో పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి. ఇంకా ఎవరూ మాట్లాడలేదు.

జై భీమ్.